మంచినీటి చరిత్రమున ఒక విషాదాధ్యాయము

జలమునకు అమరసింహుడు చెప్పిన పేర్లలో జీవనమనునది యొకటి, అమృతమనునది మరియొకటి. అంతకంటె ప్రాచీనమైన వైదిక నిఘంటువున జలనామములు నూటికి పైగా కలవు. వానిలో ‘విషము’ అను శబ్దము కూడ చేరియున్నది. ఒకే వస్తువునకు అమృతమనియు విషమనియు పేరుండుట చూచి పండితులు ధాత్వర్థములు చెప్పి సమాధానపడుదురు. తెలుగుదేశమున కొన్ని తాలూకాల చరిత్ర నెఱిగినవారికి ఆ సమాధానముతో పనిలేదు.

చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. గంగాతీరమున, పాంచాలదేశపు కాంపిల్యమున, ఆత్రేయ పునర్వసువు శిష్యుడైన అగ్నివేశునకు చేసిన ప్రసంగమది. శిష్యుని సందేహము చాల గొప్పది. మనుష్యుల దేహతత్త్వములు వేరు, తినెడి ఆహారము వేరు, బలము వేరు, వయస్సు వేరు. అట్టివారందరును ఒకే వ్యాధిచేత ఒకేసారి ఏల పీడితులగుదురు? దానికి గురువు చెప్పిన ఉత్తరము అంతకంటె గొప్పది. మనుష్యులలో ఎన్ని భేదములున్నను అందరికిని ఉమ్మడియైనవి నాలుగు కలవు: వాయువు, ఉదకము, దేశము, కాలము. ఈ నాలుగింటిలో నేది చెడినను ఊరంతయు చెడును. గ్రీకుదేశపు వైద్యాచార్యుడు హిప్పోక్రటీసు పేర వెలసిన గాలులు, నీళ్లు, ప్రదేశములను గూర్చిన గ్రంథమును ఇదియే మాట చెప్పుచున్నది. క్రొత్త యూరికి పోయిన వైద్యుడు రోగి నాడిని చూచుటకు ముందే ఆ యూరి గాలిని, నీటిని, నేలను పరిశీలింపవలెనట.

చెడిన నీటికి చరకమున లక్షణములు చెప్పబడినవి. దాని వాసన, రంగు, రుచి, స్పర్శ వికృతములై యుండును. జలచరములును పక్షులును దానిని విడిచిపోవును. చూచుటకే అప్రియముగా నుండును. ఇచ్చట చెప్పబోవు నీటికి ఈ లక్షణములలో ఒక్కటియు లేదు. అది తేటగా నుండును. వాసన లేదు. రుచికి కొదువ లేదు. పక్షులు వచ్చి త్రాగిపోవుచుండును. అనుభవజ్ఞులైన వృద్ధులే దానిని మంచినీళ్లబావి యని పిలిచిరి. ఆత్రేయుని చతుష్టయములో ఉదకము చెడిన సంగతిని కన్ను గాని ముక్కు గాని నాలుక గాని పట్టజాలని సందర్భమిది. దానిని పట్టినవి ఎముకలు. అవియును ముప్పది నలువది యేండ్లకు.

నెల్లూరు మండలమున వాయవ్య దిక్కునకు పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలుండెడివి. పొదిలియు దర్శియు వేంకటగిరి సంస్థానమునకు చెందిన భాగములు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఈ మూడును నెల్లూరు నుండి విడివడి అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. కొండగుట్టలు, ఎఱ్ఱనేలలు, కొద్దిపాటి వానలు, జొన్న, సజ్జ, వరిగ పంటలు గల మెట్టసీమ యిది. త్రాగుటకు బావినీరే గతి. పశుసంపదకు మాత్రము ఒంగోలు సీమ దేశదేశములందు పేరుగన్నది. కాపునకు ఎద్దు సగము ఆస్తి; ఎద్దు కుంటుపడినచో ఆ యేటి సేద్యము కుంటుపడినట్లే.

ఈ యుపద్రవము మొదట బయటపడినది ఎద్దులయందే. మంచి వయస్సులో నున్న ఎద్దులు లేవలేకపోవుట, కీళ్లు బిగిసి అడుగు తీసి అడుగు వేయలేకపోవుట, పండ్లు అరిగి మేత నమలలేక చిక్కిపోవుట రైతులు చూచుచుండిరి. దిష్టి యనువారును, వాతమనువారును ఉండిరి. కుంటు ఎద్దునకు కాల్చి వాతవేయుట పల్లెలలో పరిపాటి. ఈ వాతమునకు ఆ వాత మందు కాలేదు. 1930ల నడుమ మద్రాసు రాజధానిలోని పశువైద్యులు ఇది ఫ్లోరైడు వలన కలుగు వ్యాధి యని గుర్తించి వ్రాసిరి. అదే బావి నీరు ఎద్దునకు తొట్టిలోను, యజమానికి చెంబులోను పోయబడుచున్నది. ఎద్దు పని పదియేండ్లది. యజమాని పని అరువదియేండ్లది. కావున వ్యాధి ఎద్దునందు ముందు తెలిసెను, యజమానియందు వెనుక తెలిసెను. అంతియే భేదము.

1937వ సంవత్సరమున మద్రాసు చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ దొర, తనతోడి వైద్యులైన మక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనువారితో కలిసి మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గూర్చి విపులమైన వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరముననే పండిత్, రాఘవాచారి అనువారితో కలిసి నెల్లూరు జిల్లాను గూర్చి వేరొక వ్యాసమును వెలువరించెను. మనుష్యుని అస్థిపంజరమును ఫ్లోరైడు నీరు ఎట్లు మార్చునో భరతఖండమున మొదటిసారిగా లోకమునకు తెలిసినది ఈ వ్యాసముల వలననే. ఆనాటి ఆ పరిశీలన ఎంత సూక్ష్మమైనదనగా, తరువాత వచ్చిన వైద్యగ్రంథములు దానికి చేర్చినది కలదు గాని దిద్దినది స్వల్పము.

వారు చూచిన వ్యాధిక్రమమిది. ఆ గ్రామములందు పుట్టి పెరిగిన పిల్లల పండ్లపై మొదట సుద్దవంటి తెల్లని మచ్చలు, పిమ్మట పసుపు, గోధుమ వర్ణపు చారలు కనబడును. గారపండ్లని ఊరివారందురు, గారయైనచో తోమిన పోవలెను, ఇది పోదు. ఆ మీదట చాల సంవత్సరములు మరేమియు కానరాదు. మనుష్యుడు పొలము దున్నును, బరువులు మోయును, పెండ్లిచేసికొని బిడ్డలను కనును. ముప్పది నలువది యేండ్ల ప్రాయమున కాలుసేతులలో తిమ్మిరులు మొదలగును. తరువాత నడుము నొప్పి. నడుము నుండి వీపునకు, వీపు నుండి మెడకు బిగువు ప్రాకును. వెన్నుపూసలను కలుపు నరములవంటి బంధనములు ఎముకగా మారి, వెన్నంతయు ఒక్క కర్రవలె నగును. ప్రక్కకు చూడవలెనన్న మెడ తిరుగదు, మనిషియంతయు తిరుగవలెను. ప్రక్కటెముకలు కదలక బిగిసిపోగా రొమ్ముతో ఊపిరి తీయుట పోయి పొట్టతో తీయుటగును. తుదకు మంచము పట్టును. ఇంతలోను బుద్ధికి లోపము లేదు. తనకేమి జరుగుచున్నదో తెలిసికొనుచు, ఒకరు లేవదీసినగాని లేవలేక, ఒకరు పెట్టినగాని తినలేక యుండుటకంటె క్రూరమైన స్థితిని ఊహించుట కష్టము.

ఎక్స్‌రే చిత్రములందు ఆ ఎముకలు లావై, సున్నము కొట్టినట్లు తెల్లగా కనబడినవి. చూచుటకు బలిసిన ఎముకలే; లోపల బలము లేదు.

1940లో పండిత్, రాఘవాచారి మున్నగువారు మరియొక సంగతి గమనించిరి. నీటిలో ఫ్లోరైడు ఇంచుమించు సమానముగానున్న గ్రామములందును వ్యాధి తీవ్రత సమానముగా లేదు. తిండికి లేనివారియందు, ముఖ్యముగా విటమిన్ సి గల కూరగాయలు పండ్లు దొరకనివారియందు ఎముకల వ్యాధి హెచ్చుగానుండెను. ఊరికంతకు ఒక్కటే బావియైనను, ఆ బావి అందరిని ఒక్కతీరుగా చూడదన్నమాట. ఎండలో కూలిచేయువాడు నీడపట్టున నుండువానికంటె నీరు హెచ్చుగ త్రాగును; పాలు పెరుగు తక్కువగా తినును. కష్టించిన కొలది విషము హెచ్చుగ చేరు నీరు మరియొకటి యుండునా?

ఈ వ్యాసములు ఇంగ్లీషులో, వైద్యపరిశోధన పత్రికలలో వెలువడినవి. ఆ పత్రికలు పల్లె గ్రంథాలయములకు వచ్చునవి కావు. వచ్చినను చదువగలవారు లేరు. ఏ బావిని గూర్చి వ్రాసిరో ఆ బావి చేదకొను ఇల్లాలికి ఆ సంగతి చేరలేదు. నీరు మాత్రము మునుపటివలెనే ఇంటింటికిని చేరుచుండెను.

ఫ్లోరైడునకును పండ్ల మచ్చలకును గల సంబంధము అంతకు ఆరేండ్ల క్రిందటనే తెలిసినది. అమెరికాలో కొలరాడో రాష్ట్రమునకు 1901లో వచ్చిన మకే అను దంతవైద్యుడు ఆ ప్రాంతపు ప్రజల పండ్లపై గోధుమవర్ణపు మచ్చలు చూచి ఆశ్చర్యపడి, కారణము వెదకుచు ముప్పదియేండ్లు గడిపెను. నీటిలో ఏదో కలదని అతనికి దృఢమైన నమ్మకము. ఏదియో తెలియదు. 1931లో అల్యూమినియము కంపెనీలో రసాయనికుడైన చర్చిల్ సూక్ష్మమైన పరీక్షచేసి అది ఫ్లోరైడని కనుగొనెను. అదే సంవత్సరమున మరి రెండు చోట్ల వేరువేరు పండితులు అదే నిర్ణయమునకు వచ్చిరి.

ఆ కథలో ఐడహో రాష్ట్రపు ఓక్లీ అను చిన్న పట్టణము ముచ్చట విశేషముగా గుర్తుంచుకొనదగినది. ఆ యూరివారు దూరపు వేడినీటి ఊట నుండి గొట్టములు వేయించుకొనిన తరువాతనే తమ బిడ్డల పండ్లు చెడినవని తల్లులు మకేకు చెప్పిరి. అతని సలహాపై ఊరివారు ఆ గొట్టమును విడిచి వేరొక ఊటనీరు తెచ్చుకొనిరి. కొన్ని సంవత్సరములకు చిన్నబిడ్డలకు తెల్లని పండ్లు వచ్చినవి. పెద్దపిల్లల మచ్చలు మాత్రము అట్లే యుండిపోయినవి. విషము పేరు ఇంకను తెలియని దినములలో, తల్లుల మాట విని జరిగిన పని యిది.

నీటిలో ఈ వస్తువు ఎచ్చటినుండి వచ్చినది? ఏ కర్మాగారము నుండియు కాదు, రాతి నుండి. తెలంగాణమునను ప్రకాశం మెట్టలలోను నేలక్రింద నున్నది పురాతనమైన గ్రానైటు, నైసు శిలలు. నల్లగొండకు ఆ పేరే శిల వలన వచ్చినది. ఈ శిలలయందు ఫ్లోరైటు, ఆపటైటు, నల్ల అభ్రకము మున్నగు ఖనిజములలో ఫ్లోరిన్ ఇమిడి యుండును. వాననీరు రాతి పగుళ్లలో ఏండ్లతరబడి నిలిచి దానిని కరగించుకొనును. నీటిలో సున్నపు అంశము, అనగా కాల్షియము, హెచ్చుగానున్నచో ఫ్లోరైడు దానితో కూడి అడుగుపట్టును. కాల్షియము తక్కువై చౌటిగుణము హెచ్చైనపుడు ఫ్లోరైడు నీటిలోనే నిలుచును. ఎండలు మండు మెట్టసీమలో నీరు ఆవిరియగుకొలది మిగిలినది చిక్కబడును.

ఇచ్చట ఒక విపరీతము గలదు. పల్లెలలో మంచినీటికి పరీక్ష పప్పు. ఏ నీటిలో కందిపప్పు మెత్తగా ఉడుకునో అది మంచినీరు. పప్పు ఉడకని నీరు గట్టినీరు. పప్పు ఉడకకుండ చేయునది కాల్షియమే. కాల్షియము లేని నీరు ఫ్లోరైడునకు ఆశ్రయమిచ్చు నీరు. తరతరముల అనుభవముపై నిలిచిన పరీక్ష, ఈ ఒక్క విషయమున, తరచుగా చెడ్డ బావినే మెచ్చుకొనినది. వృద్ధుల తెలివిని ఆక్షేపించుటకు ఈ మాట వ్రాయబడలేదు. ఆ పరీక్ష ఉప్పును పట్టగలదు, గట్టితనమును పట్టగలదు. ఫ్లోరైడును పట్టునది కాదు.

లీటరు నీటిలో ఒక మిల్లిగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లిగ్రాములవరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పు హద్దును 1.5 మిల్లిగ్రాములే. ఒక మిల్లిగ్రామనగా గ్రామునందు వేయవ వంతు. ఇంత స్వల్పమైన వస్తువు ఇంత పని చేయుట దాని పరిమాణము వలన కాదు, అది నిలువచేరుట వలన. త్రాగిన ఫ్లోరైడులో పెద్దవారి దేహమున సుమారు సగము ఎముకలకు చేరును. మిగిలినది మూత్రమున పోవును. పెరుగుచున్న పిల్లల ఎముకలు అంతకంటె హెచ్చుగ పట్టుకొనును. మూత్రపిండములు బలహీనమైనవారికి బయటకు పోవునది తగ్గి లోపల నిలుచునది పెరుగును. దినదినము జమయే గాని ఖర్చు స్వల్పమైన ఖాతా యిది.

ఆ జమ ఏ వయస్సున ఏ రూపమున బయటపడునో చూడవలెను. గర్భమునందు తల్లి రక్తము నుండి కొంత ఫ్లోరైడు శిశువునకు చేరును. పుట్టిన పిమ్మట ప్రకృతి యొక ఉపకారము చేసినది. తల్లి ఎంతటి ఫ్లోరైడు నీరు త్రాగినను చనుబాలలోనికి దిగునది అత్యల్పము. చనుబాలు మాని నీళ్లు త్రాగుటతో, ఆ నీటితో వండిన అన్నము తినుటతో అసలు కథ మొదలగును. శాశ్వతదంతములపై పింగాణివంటి పూత చిగుళ్లలోపలనే ఏర్పడును. సుమారు ఎనిమిదవ యేటికి ఆ పని, జ్ఞానదంతములు తప్ప, ముగియును. ఆ లోపల త్రాగిన నీరు పండ్లపై చెరగని వ్రాత వ్రాయును. ఎనిమిదేండ్ల తరువాత ఆ యూరికి వచ్చినవాని పండ్లు చెడవు. కనుక ఒకని పండ్లు చూచి అతని బాల్యము ఏ బావిదో చెప్పవచ్చును. ఎముకలు అట్లు కావు. అవి జీవితాంతము కరుగుచు కట్టుకొనుచు నుండును; అందుచేత ఏ వయస్సున వచ్చినవానినైనను అవి పట్టుకొనును. మంచినీరు వచ్చిన పిమ్మట చేరిన ఫ్లోరైడును మెల్లమెల్లగా కొంత విడుచును గాని, ఒకసారి ఎముకగా మారిన బంధనము మరల బంధనము కాదు. వంగిన వెన్ను నిలువదు.

అగ్నివేశుని ప్రశ్నలో వయస్సు అను మాట కలదు గదా. భిన్నవయస్కులకు ఒకే వ్యాధి ఏల వచ్చునని అతడడిగెను. ఇచ్చట ఒకే కారణము భిన్నవయస్కులకు భిన్నవ్యాధులుగా కనబడుటచేత, మనుమని పండ్లును తాత నడుమును ఒకే బావి పని యని ఎవరికిని తోచలేదు.

హైదరాబాదు రాష్ట్రమున నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. ఆ సంవత్సరము డిసెంబరు 10వ తేదీననే నెహ్రూగారు ఆ జిల్లాకు దక్షిణపుటంచున కృష్ణపై నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. కృష్ణ జిల్లాను ఒరసికొని పోవుచుండగా, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు మెట్టగ్రామములకు మాత్రము నేలక్రింది నీరే దిక్కైనది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనువారు క్రొత్త వికారమొకటి ప్రకటించిరి. ఫ్లోరైడు ప్రాంతములలోని కౌమారవయస్కులకు, ప్రధానముగా మగపిల్లలకు, మోకాళ్లు ఒకదానినొకటి తాకునట్లు లోపలికి వంగి, పాదములు దూరదూరముగా పడుచుండెను. 1937 నాటి వైద్యులు వర్ణించిన ముదుసలి వ్యాధి యిది కాదు. మీసము రాని పిల్లవాని వ్యాధి. జొన్న తిను గ్రామములందు ఇది హెచ్చు. పెద్ద జలాశయము నిండిన తరువాత చుట్టుప్రక్కల నేలలోని నీటిమట్టము పెరిగి, మట్టిలోని సూక్ష్మధాతువుల తీరు మారి, జొన్నలో మాలిబ్డినము పెరిగి, దేహమునకు రాగి చాలకపోయి, ఫ్లోరైడు చేయు హాని ఇనుమడించి యుండునని ఆ సంస్థవారు భావించిరి. ఇది వారి అభిప్రాయమే గాని తుదితీర్పు కాదు. ఐనను నీటికి, నేలకు, పంటకు, పిల్లవాని మోకాలికి ఇంతటి దూరపు చుట్టరికముండవచ్చునని చూపిన పరిశోధన యిది.

బోరుబావుల సంగతి చెప్పక తప్పదు. పూర్వము మెట్టగ్రామములవారు చెరువు నీరును, లోతులేని త్రవ్వుడుబావుల నీరును త్రాగుచుండిరి. వానలతో ఏటేట క్రొత్తనీరు చేరుటచేత అందు ఫ్లోరైడు తరచుగా తక్కువ. కాని చెరువులు, దిగుడుబావులు నారికురుపునకు పుట్టిళ్లు. మోకాలి క్రింద బొబ్బ చితికి మూరెడు పురుగు దారమువలె వెలువడు ఆ వ్యాధి ఎన్ని పల్లెలను సేద్యపు అదనున మంచమున పడవేసినదో పెద్దలు చెప్పుదురు. విషూచి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 1970ల కరవుల నుండి దేశమంతట యంత్రములతో రాతిని తొలిచి చేతిపంపులు వేసిరి. కప్పియున్న నీరు, శుభ్రమైన నీరు. నారికురుపు తగ్గుచువచ్చి 1996లో భారతదేశమున కడపటి రోగితో ముగిసినది. 2000లో దేశమునకు ఆ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని ఏ రాతి పగుళ్లలో ఫ్లోరైడు నిండియున్నదో ఆ పగుళ్లలోనికే ఆ గొట్టములు దిగినవి. ఒక పురుగును తప్పించుకొన్న కాళ్లు మరియొక దానికి చిక్కినవి. ఆ బోర్లు వేయించిన అధికారులను దూషించుట న్యాయము కాదు. బోరు వేయుటకు ముందో వేసిన వెంటనేనో నీటిని పరీక్షింపకుండుట మాత్రము న్యాయమని చెప్పుట కష్టము. 1937 నాటి వ్యాసము అప్పటికి మూడు నాలుగు దశాబ్దముల పాతది.

వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయము కలదు. ఏ చెట్టు ఏ దిక్కున పుట్టయున్న నీరు ఎంత లోతున పడునో అందు చెప్పబడినది. ఉప్పగనో చేదుగనో కలకగనో ఉన్న బావినీటిని బాగుచేయుటకు అంజనము, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఉసిరిక, కతకఫలము మున్నగువాని చూర్ణమును అందే చెప్పినాడు. కతకమనగా మన చిల్లగింజ. కుండ లోపల అరగదీసినచో బురద అడుగునకు దిగును. ఆ బుద్ధి గొప్పదే గాని ఫ్లోరైడు బురద కాదు. నీరు కాచి త్రాగిన పోవునని చాలమంది నమ్మిరి. కాచినచో నీరు తగ్గును, ఫ్లోరైడు తగ్గదు, ఉన్నది చిక్కబడును.

1970లలో నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక పద్ధతి కనిపెట్టినది. నీటిలో సున్నము, బ్లీచింగుపొడి, పటిక తగుపాళ్లలో వేసి కలియబెట్టిన ముద్దలు ముద్దలుగా విరిగి అడుగుపట్టును. ఫ్లోరైడు చాలవరకు దానితో దిగును. పైనీటిని వంచి వడగట్టి త్రాగవచ్చును. దీనికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టిరి. ఆఫ్రికా దేశములందును ఆ పేరుతోనే ఇది ప్రసిద్ధము. ఒక జిల్లా పేరు లోకమున వ్యాపించుటకు ఇట్టి కారణము కలుగుట విచారకరము. పద్ధతి చెడ్డది కాదు. కాని పటిక చాల పట్టును, పాళ్లు తప్పరాదు, అడుగుమడ్డి పారవేయుటకు చోటు కావలెను, ఇవన్నియు దినదినమును జరుగవలెను. తెల్లవారక పూర్వమే కూలికి పోవు ఇల్లాలు బిందెబిందెకు పటిక తూచి వేయునని నమ్మిన యోచన ఎంతకాలము నిలుచును? శుద్ధియంత్రములు పెట్టిన చోట్ల కొన్ని మూలబడినవి.

లోకుల మాట వైద్యపత్రికలకు ఎక్కదు. ఆ యూరికి పిల్లనిత్తుమా యని వెనుకాడినవారు, ఆ యూరి పిల్లను తెచ్చుకొందుమా యని ముఖము త్రిప్పినవారు చుట్టుప్రక్కల ఉండిరి. పండ్లు కనబడునని చేయి అడ్డము పెట్టుకొని నవ్వు ఆడపిల్లల సంగతి ఏ నివేదికలోను లేదు. నలుబదేండ్లవాడు కర్రపట్టి నడచుచుండగా క్రొత్తవారు తాతా యని పిలుచుట వింతగా తోచని గ్రామములుండెను.

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. నీటి కొరకు జలసాధన సమితి పక్షమున రైతులు వందలుగా నామపత్రములు వేయుటయే అందుకు కారణము. ఓటుపత్రము పుస్తకమంత యైనది. గెలుపు వారి ఉద్దేశము కాదు. దేశమంతయు ఆ పుస్తకమును చూచి ఏమని యడుగవలెనని ఉద్దేశము. అట్టి ఎన్నికల పిమ్మట ఆ సంవత్సరముననే చట్టము మార్చి, సామాన్యస్థానమునకు 500 రూపాయలుగా నున్న ధరావతును 10,000 రూపాయలు చేసిరి. నీరు వచ్చుటకంటె ముందు ధరావతు పెరిగినది.

నదీజలము క్రమక్రమముగా ఆ గ్రామములకు చేరసాగెను. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప 2016 ఆగస్టులో ప్రారంభోత్సవము జరిగిన మిషన్ భగీరథ వలన కృష్ణా గోదావరుల శుద్ధజలము గొట్టముల ద్వారా ఇండ్లకు వచ్చినది. 1937 నుండి 2016 వరకు లెక్కించిన 79 ఏండ్లు. భగీరథుని పూర్వులు సగరుడు, అంశుమంతుడు, దిలీపుడు వరుసగా ప్రయత్నించి విఫలులై పోగా నాలుగవవానికి గంగ దిగినదని పురాణము. ఇచ్చటను తరముల లెక్క ఇంచుమించు అంతియే.

నదీజలము ఎడతెగక అందిన ఇంట ఓక్లీ పట్టణపు ముచ్చటయే మరల జరుగును. తాత మంచమున ఒక ప్రక్కకు ఒరగి యుండును. ఆయనకు ఏ నీరు ఇచ్చినను వెన్ను నిలువదు. తండ్రి పండ్లపై చారలుండును, నడుము నొప్పి యనుచుండును. నీరు మారుట వలన ఆ నొప్పి తాత గతివరకు పోకుండ నిలువవచ్చును. కుళాయి వచ్చిన తరువాత పుట్టిన బిడ్డకు పాలపండ్లు ఊడి క్రొత్తపండ్లు తెల్లగా వచ్చును. వాకిట బోరు ఇంకను నుండును. దాని నీరు కూరమడికిని, పశువుల తొట్టికిని పోవుచుండును.